కంటికి ఆనని కోట

కిందటి మాఘమాసంలో మా కళాశాల విద్యార్థుల్ని ఇరవైమందిని వెంటబెట్టుకుని ఓరుగల్లు వెళ్ళాను. ఏటేటా కాకతీయుల కాలపు సాహిత్యం పాఠం చెబుతూనే వున్నాను గాని, చూడని ఊరిని గురించి ఎంత చెప్పినా పిల్లల మొహాల్లో వెలుగు కనిపించదు. విద్యానాథుడు ప్రతాపరుద్రుణ్ణి పొగిడాడంటే రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు, మరచిపోతారు. ఒక్కసారి ఆ నేల మీద నడిపిస్తే సగం పాఠం అదే వస్తుందని ఆశపడ్డాను. వరంగల్లు స్టేషన్లో దిగి, బస్సు మాట్లాడుకుని, ఖిల్లా వరంగల్లు చేరాం.

బస్సు ఆగీ ఆగకముందే అందరూ తోరణాల దగ్గరికి పరుగెత్తారు. పరుగెత్తక ఏం చేస్తారు? నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. ఒక్కొక్కటి ముప్ఫై అడుగులకు పైబడిన ఎత్తు. నడుమ ఒకప్పుడు స్వయంభూ దేవుని ఆలయం వున్న చోట విరిగిన స్తంభాలూ, చెక్కిన రాళ్ళూ గుట్టలు గుట్టలుగా పడివున్నాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు చేసుకున్నది ఈ తోరణమే. పిల్లలు ఫోన్లు తీసి ఒకరి బొమ్మ ఒకరు తీసుకున్నారు. నా బొమ్మ కూడా తీశారు. అరగంట అయ్యాక, వాళ్ళలో కాస్త నిదానస్తుడైన కుర్రవాడు ఒకడు నా పక్కకు చేరి, "తోరణాలు బాగున్నాయి మాస్టారూ, ఇంతకీ కోట ఏది?" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వి, అంతలోనే సిగ్గుపడ్డాను. ఇరవైయేళ్ళ కిందట నేను మొదటిసారి వచ్చినప్పుడు నాకూ అదే సందేహం కలిగింది. నేను పైకి అడగలేదు, అంతే తేడా. వాడు ఆ ప్రశ్న వేసే వేళకు మా బస్సు రెండు కోటగోడల్ని దాటి లోపలికి వచ్చేసింది. రెండోది రాతిది గనుక దాన్ని కొందరు కిటికీలోంచి చూశారు. మొదటిదాన్ని ఒక్కరూ చూడలేదు. చూసినవాళ్ళు కూడా అదేదో చెరువుకట్ట అనుకున్నారు.

"పదండి, వెనక్కి నడుద్దాం" అన్నాను. ఎండ అప్పటికింకా ముదరలేదు.

ఓరుగల్లు కోటను అర్థం చేసుకోవాలంటే ఒక పళ్ళెంలో మరో పళ్ళెం, అందులో ఒక గిన్నె పెట్టినట్లు ఊహించుకోవాలి. అన్నిటికీ లోపలిది రాతికోట. ఇంచుమించు గుండ్రంగా వుంటుంది. అడ్డకొలత ముప్పాతిక మైలు. దాని చుట్టూ మట్టికోట. అడ్డకొలత ఒకటిన్నర మైలు. ఈ రెంటికీ ఆవల, హనుమకొండను కూడా కడుపులో పెట్టుకుంటూ, దాదాపు ఎనిమిది మైళ్ళ అడ్డకొలతతో మరొక మట్టికట్ట వుండేది. దాని ఆనవాళ్ళు ఇప్పుడు అక్కడక్కడ తునకలుగా మిగిలాయి. కోట నడిబొడ్డున తోరణాలు నాలుగూ నాలుగు దిక్కులకు తిరిగివుంటే, కోట గవనులు కూడా అవే దిక్కులకు వున్నాయి. నేలమీద ముగ్గు వేసినట్లుగా ఆలోచించి కట్టిన ఊరు ఇది. పెరిగినకొద్దీ చుట్టూ గోడ లేపుకున్న ఊరు కాదు.

ఊరి పేరు సంగతి కూడా ఒక్క మాట. ఓరుగల్లంటే ఒంటి రాయి. 'కల్లు' అంటే మనవాళ్ళ పాత మాటల్లో రాయే. సంస్కృతంలో చెప్పవలసి వచ్చేసరికి దాన్నే ఏకశిలానగరం అన్నారు. ఆ ఒంటి గుట్ట రాతికోట లోపలే, తోరణాలకు కొంచెం దూరంలో వుంది. మా పిల్లలు దాన్ని కూడా ఎక్కుతామన్నారు. తరవాత ఎక్కుదురుగాని, ముందు గోడ చూడండన్నాను.

రాతిగోడ దగ్గరికి మేము లోపలి వైపునుంచి వచ్చాం. బయటినుంచి చూసేవాడికి అది ఇరవై అడుగుల దాకా నిలువుగా లేచిన నల్లరాతి గోడ. పెద్ద పెద్ద గండశిలలు. నడుమ సున్నం లేదు, బంకమన్ను లేదు, రాయి మీద రాయి తన బరువుతో తానే నిలిచింది. లోపలివైపు మాత్రం గోడ కనిపించదు. వాలుగా మట్టిదిబ్బ, దానిమీద రాతి మెట్లు. లెక్కపెట్టమన్నాను. పద్ధెనిమిది. ఒక్కచోట కాదు, కోట లోపలి అంచంతా పుష్కరిణి మెట్లలాగా ఈ వరసలు సాగుతాయి.

ఈ మెట్లు ఎందుకో ఆలోచించండి. మిగతా కోటల్లో పైకెక్కాలంటే ఎక్కడో ఒకచోట ఇరుకైన మెట్లదారి వుంటుంది. శత్రువు ఒకవైపు నిచ్చెనలు వేశాడని కేక వినిపిస్తే, ఆ దారి వెతుక్కుని, ఒకడి వెనక ఒకడు ఎక్కేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఇక్కడ అలాకాదు. ఎక్కడున్నవాడు అక్కడే, ఇంట్లోంచి అరుగెక్కినట్లు, గోడమీదికి ఎక్కవచ్చు. వెయ్యిమంది ఒక్కసారిగా ఎక్కవచ్చు. నా మాట నిజమో కాదో చూద్దామని ఇరవైమందీ ఒకేసారి ఎక్కారు. నేనే వెనకబడ్డాను.

పైకెక్కి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మనం నిలబడింది గోడ మీద కాదు, కట్ట మీద. వెనకాల వున్న మట్టిదిబ్బకు ముందువైపు తొడిగిన కవచం ఆ రాయి. అంటే రాతికోట కూడా లోలోపల మట్టికోటే!

ఆ గోడకు 45 బురుజులున్నాయి. ఒక్కొక్కటి నలభై మొదలు అరవై అడుగుల వెడల్పున అగడ్త నీళ్ళలోకి ముందుకు పొడుచుకుని వుంటుంది. చుట్టుకొలత రెండున్నర మైళ్ళకు కొంచెం తక్కువ గనుక, భాగించి చూస్తే ఒక బురుజుకీ మరో బురుజుకీ నడుమ తొంభై గజాలు వస్తుంది. ఈ లెక్క నేను కాదు, మాతో వచ్చిన గణితం అమ్మాయి వేసింది. తొంభై గజాలంటే బాణం తేలిగ్గా అందే దూరం. గోడ అడుగున నక్కి గునపం వేసేవాణ్ణి నెత్తిమీద నిలబడ్డవాడు వంగి చూడలేడు. చూడబోతే తన తలే పోతుంది. పక్క బురుజు మీదివాడు మాత్రం వాణ్ణి చక్కగా చూస్తాడు. రెండు పక్కలనుంచీ బాణాలు పడే చోట గునపం వేయడం ఎంతటివాడికైనా కష్టం. బురుజు పని అదే: తనను తాను కాచుకోవడం కాదు, పక్కవాణ్ణి కాయడం.

మన భాషలో 'కొత్తళం' అనే మాట వుండగా 'బురుజు' ఎలా వచ్చిందా అని పిల్లలకు ఆశ్చర్యం. అది అరబ్బీ మాట. ఖిల్లా కూడా అంతే. కోట, అగడ్త, గవని, కొత్తళం మనవి. కోటను పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ మాటలు కోటగోడకే అంటుకుపోయి, ఇవాళ ఆ ఊళ్ళో పుట్టిన పసిపిల్లాడు కూడా ఖిల్లా అంటాడేగాని కోట అనడు. యుద్ధాల తరవాత మిగిలేవాటిలో మాటలు కూడా వుంటాయి.

బురుజుల మాట వచ్చింది గనుక ప్రతాపరుద్ర చరిత్రమనే పాత వచనగ్రంథం చెప్పే కథ కూడా చెప్పాలి. కోటకు 77 బురుజులు, వాటికి 77 మంది నాయకులు, ఒక్కొక్క బురుజు ఒక్కొక్కరి బాధ్యత అని అందులో వుంది. మరి మనకు కనిపించేవి 45 గదా అని తెలివైనవాళ్ళు అడుగుతారు. ఆ గ్రంథం పుట్టింది కాకతీయ రాజ్యం పోయిన రెండు వందల ఏళ్ళ నాటికి. అప్పటికి ప్రతి నాయక కుటుంబానికీ తన తాత బురుజు ఒకటి కావలసివచ్చింది. నాకు అంకె కన్నా ఏర్పాటు ముఖ్యమనిపిస్తుంది. గోడను ముక్కలుగా పంచి, ప్రతి ముక్కకూ ఒక పేరుగల మనిషిని జవాబుదారిగా నిలపడం - అది బుద్ధిమంతుల పద్ధతి. పడితే ఎవరి బురుజు పడిందో ఊరందరికీ తెలుస్తుంది.

గవనుల దగ్గర ఇంకో చమత్కారం వుంది. మా బస్సు డ్రైవరు లోపలికి వస్తూ ఒకచోట చక్రం గట్టిగా తిప్పి, మళ్ళీ అటు తిప్పి, ఏదో గొణుక్కున్నాడు. ఆయన్ని విసిగించింది కాకతీయుల వాస్తు. గవని తిన్నగా లోపలికి తెరుచుకోదు. ఒక ద్వారం దాటగానే ఎదురుగా గోడ, పక్కకు తిరగాలి, మళ్ళీ తిరిగితే గాని లోపలి ద్వారం కనిపించదు. ఏనుగుతో తలుపులు పగలగొట్టించాలంటే ఏనుగు పరుగెత్తి రావాలి. రెండు వంకరలున్న చోట ఏనుగు పరుగెత్తలేదు. మనుషులైతే ఆ నడిమి చావడిలో కిక్కిరిసి నిలబడిపోతారు, నాలుగు పక్కలా పైనుంచి రాళ్ళు పడుతూంటే. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఆ వంకరదారినే బళ్ళూ, మోటారు సైకిళ్ళూ నడుపుకుంటున్నారు.

రాతిగోడ దాటి బయటికి వచ్చాం. అగడ్త కొన్నిచోట్ల ఇంకా నీళ్ళతో వుంది.  అక్కడినుంచి ఇళ్ళూ, పొలాలూ దాటుకుంటూ నడిచి మట్టికోట చేరాం. నేను ముందే చెప్పకూడదనుకుని వూరుకున్నాను. ఎదురుగా తుమ్మచెట్లూ, పిచ్చిమొక్కలూ మొలిచిన ఎత్తయిన కట్ట. కట్ట వార మేకలు మేపుకుంటున్న ముసలాయన్ని మా నిదానపు కుర్రవాడే అడిగాడు: "తాతా, ఇది ఏ చెరువు కట్ట?"

ఆయన వాడి మొహం వంక కాసేపు చూసి, "చెరువు కట్ట గాదు బిడ్డా, గిదే కోట" అన్నాడు. నాకేసి తిరిగి, "ఏం సారూ, పిలగాండ్లకు చెప్పలేదా?" అని కూడా అన్నాడు.

చెప్పలేదు. ఆ మాట ఆయన నోట వినిపించడమే మేలయింది.

మట్టి గోడంటే మనకు చిన్నచూపు. రాతిమేడ గొప్ప, మట్టిమిద్దె పేద. కోటల్లోనూ అంతే అనుకుంటాం. కాని కౌటిల్యుడు అలా అనుకోలేదు. అర్థశాస్త్రంలో ఆయన కోటకు మొట్టమొదట చెప్పింది రాయి కాదు, అగడ్త తవ్విన మట్టి. ఆ మట్టిని కట్టగా పోసి, ఏనుగుల చేతా ఎద్దుల చేతా తొక్కించి, పైన ముళ్ళపొదలు నాటమన్నాడు. ఎంత పొదుపైన ఏర్పాటో గమనించండి. తవ్విన గొయ్యి అగడ్త అవుతుంది, తీసిన మన్ను గోడ అవుతుంది. ఒక్క పనికి రెండు ఫలితాలు. శత్రువుకు మాత్రం ఒక్క అడ్డంకి కాదు, రెండు, దిగడమూ ఎక్కడమూ.

ఇలాంటి కట్ట వేయడం కాకతీయుల రాజ్యంలో ఎవరికి తెలుసు? అందరికీ తెలుసు. ఆ దేశమంతా చెరువులే. గణపతిదేవుని కాలంలోనే రామప్ప చెరువు వెలసింది. పాకాల చెరువు జగదాళ ముమ్మడి కట్టించాడు. రెండు గుట్టల నడుమ మన్ను పోసి, తడిపి, తొక్కించి, ఏడు వందల ఏళ్ళు నీటి బరువును ఆపగల కట్ట వేసిన చేతులకు, నగరం చుట్టూ ఒకటిన్నర మైలు అడ్డకొలతతో గుండ్రంగా కట్ట వేయడం కొత్త విద్య కాదు. చెరువుకట్ట లోపలి నీళ్ళను బయటికి పోనివ్వదు. కోటకట్ట బయటి మనుషుల్ని లోపలికి రానివ్వదు. విద్య ఒక్కటే. ఇది నా అభిప్రాయం. మేకల తాతను అడిగితే ఆయనా అదే అనేవాడనుకుంటాను. మా కుర్రవాడు దాన్ని చెరువుకట్ట అనుకోవడం తప్పు కాదనిపించింది ఇందుకే.

గణపతిదేవుడు (1199-1262) రాజధానిని హనుమకొండనుంచి ఇక్కడికి మార్చి రాతికోట లేపాడు. ఆయన కూతురు రుద్రమదేవి (1262-1289) దాన్ని మరింత ఎత్తు చేయించి, మట్టికోటను కట్టించిందని సంప్రదాయం. ఆడది సింహాసనం ఎక్కిందని దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తాడు. ఆ యుద్ధం గురించి రెండు కథలున్నాయి. ఆడదని జాలిపడి రాజు ఆమెను వదిలిపెట్టాడని దేవగిరివారి పండితుడు హేమాద్రి రాశాడు. మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి, ధనం కక్కించుకుని వచ్చిందని మనవాళ్ళు రాశారు. ఎవరి కవి వారికి. కోటను మాత్రం మహాదేవుడు పట్టుకోలేదు. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

మట్టిగోడకు అసలైన పరీక్ష రుద్రమ మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో వచ్చింది. అల్లాఉద్దీన్ ఖిల్జీ మొదటిసారి 1303 ప్రాంతంలో వంగదేశం మీదుగా పంపిన సేన దెబ్బతిని తిరిగిపోయింది. రెండోసారి మాలిక్ కాఫర్ వచ్చాడు. 1309 చివర ఢిల్లీలో బయలుదేరి, 1310 జనవరి నాటికి ఓరుగల్లు ముందు డేరాలు వేశాడు. ఆ ముట్టడి కథను ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో పారశీకంలో రాశాడు. ఆయన మన పక్షం కాదు. అందుకే ఆ మాటలకు విలువ.

హనుమకొండ గుట్టమీదినుంచి చూస్తే మామిడి, అరటి, పనస తోటలతో నగరం కన్నులపండువగా వుందని మొదలుపెట్టాడు. అసలు సంగతి తరవాతిది. ఈ ఊరి బయటి గోడ మట్టిదేగాని ఉక్కు ఈటె గుచ్చినా దిగదనీ, రాళ్ళు విసిరే యంత్రంతో గుండు వేస్తే పిల్లలు ఆడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి వస్తుందనీ రాశాడు. శత్రువు ఆస్థానకవి మన మన్నుకు ఇచ్చిన యోగ్యతాపత్రం ఇది!

అందులో అతిశయోక్తి వుంటే వుండవచ్చు, కాని లోపలి సూత్రం నిజం. ఆ రోజుల్లో తుపాకిమందు లేదు. మంజనీకు అనే యంత్రం వుండేది. ఒకవైపు బరువు దింపితే రెండోవైపునుంచి మణుగుల కొద్దీ రాయి గాలిలో ఎగిరిపోయేది. రాతిగోడకు ఆ రాయి తగిలితే గోడ గట్టిగా ఎదిరిస్తుంది. ఎదిరించి ఎదిరించి ఎక్కడో పగులుతుంది. పగిలిన చోట పై రాళ్ళు జారతాయి. మట్టికట్ట ఎదిరించదు. దెబ్బను మింగేస్తుంది. అడుగున నూరడుగుల వెడల్పున వాలి కూర్చున్న మన్నును ఎంత కొట్టినా కొంత మన్ను రాలుతుంది, అంతే. రాత్రికి బుట్టలతో మళ్ళీ పోసేయవచ్చు. ఫిరంగులు వచ్చిన తరవాత ఐరోపావాళ్ళు కూడా ఎత్తయిన రాతిగోడలు మానేసి, వెడల్పయిన మట్టికట్టలకు దిగారు. వాళ్ళు దాన్ని కొత్త విద్య అన్నారు.

కాఫర్ సైన్యం కోటచుట్టూ నిలిచిన వలయం 12,546 గజాలని, ఒక్కొక్క దళానికి 1,200 గజాలు పంచారని ఖుస్రో లెక్క చెప్పాడు. అంటే వాళ్ళూ మనలాగే ముక్కలు పంచుకున్నారన్నమాట. లోపల నాయకుల వలయం, బయట అమీర్ల వలయం. వాళ్ళు తమ డేరాల చుట్టూ తోటల్లో చెట్లు కొట్టి కర్రకోట కట్టుకున్నారు. ఒక రాత్రి కోటలోంచి వెయ్యిమంది రౌతులు వాళ్ళమీద పడ్డారు, ఫలితం లేకపోయింది. నెల దగ్గరికి వచ్చేసరికి అగడ్తను ఒకచోట మన్నుపోసి పూడ్చి, గోడను కొంతమేర నలగ్గొట్టి, నిచ్చెనలు వేసి, మట్టికోట మీదికి ఎక్కారు.

మట్టికోట పడింది. మరి ఓరుగల్లు పడిందా? పడలేదు. మళ్ళీ ఎదురుగా రాతికోట, మళ్ళీ నీళ్ళున్న అగడ్త, మళ్ళీ మొదటినుంచి మొదలు! లోపలున్న రాజుకు బేరమాడుకోవడానికి వ్యవధి దొరికింది. ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమను మెడలో గొలుసుతో పంపి లొంగుబాటు తెలిపాడని ఖుస్రో రాశాడు. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు, అంతులేని ధనం ఇచ్చాడని బరనీ లెక్క. కాఫర్ రాతికోటలో అడుగు పెట్టకుండానే తిరిగిపోయాడు. ధనం పోయింది, రాజ్యం నిలిచింది. కోట చేయగలిగేది అంతే. అది యుద్ధాన్ని గెలవదు, రోజులు కొనిపెడుతుంది. ఆ రోజులతో ఏం చేసుకోవాలన్నది లోపలివాళ్ళ తెలివి.

1318లో కప్పం బకాయి వసూలుకు ఖుస్రో ఖాన్ వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఆ తడవ ప్రతాపరుద్రుడు రాతికోట గోడమీదికి ఎక్కి, ఢిల్లీ దిక్కుకు తిరిగి వంగి నమస్కరించాడు. సుల్తాను పంపిన గొడుగూ, దుస్తులూ అందుకున్నాడు. మేము పద్ధెనిమిది మెట్లెక్కి నిలబడ్డ ఆ వరసలోనే ఎక్కడో ఆయన నిలబడి వుండాలి. ఈ ముక్క గోడమీద వుండగా పిల్లలకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మట్టికోట దగ్గరికి వచ్చాక చెప్పాను. ఒకరిద్దరు తలలు వంచుకున్నారు. "అయితే ఏమైంది మాస్టారూ, ఊరు బతికింది గదా" అన్నది మా గణితం అమ్మాయి.

ఢిల్లీలో వంశం మారింది. 1321లో ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ - తరవాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు - దండెత్తి వచ్చాడు. ఆరునెలలు ముట్టడించాడు. మట్టికోట, రాతికోట రెండూ నిలిచాయి. ఇంతలో ఢిల్లీనుంచి వచ్చే టపా ఆగిపోయింది. సుల్తాను చచ్చిపోయాడని శిబిరంలో పుకారు లేచింది. ఆ పుకారు పుట్టించినవాళ్ళలో ఉబైద్ అనే ఒక కవి కూడా వున్నాడని బరనీ అంటాడు. మా తెలుగు శాఖవాళ్ళకు ఆ సంగతి ఎంతో ముచ్చట గొలిపింది. సైన్యం చెల్లాచెదురై దేవగిరికి పారిపోయింది.

ఇక్కడే తప్పు జరిగింది. పీడ విరగడైందని ఓరుగల్లు నమ్మింది. విందులు జరిగాయి. ఆరునెలలు నిలబెట్టిన ధాన్యపు కొట్లు తెరిచి, ధాన్యం బయటికి వదిలేశారని చెబుతారు. ముట్టడిలో ఇరుకున పడ్డ జనానికి ఆ ధాన్యం ఎంత అవసరమో ఊహించుకోవచ్చు; రాజును తప్పుపట్టడం నాకంత సులువుగా తోచదు. కాని ఉలుగ్ ఖాన్ ఏళ్ళకేళ్ళు ఆగలేదు. కొద్ది నెలల్లోనే కొత్త సేనతో, దారిలో బీదరు, బోధన కోటలు పట్టుకుంటూ, వెనక దారి తెగిపోకుండా జాగ్రత్తపడుతూ, 1323లో మళ్ళీ వచ్చాడు. ఈసారి అయిదు నెలలు. మునుపటి కన్నా ఒక నెల తక్కువే చూడండి. అవే గోడలు, అవే అగడ్తలు, ఆ నాయకులే. మారింది కొట్లలోని గింజలు. ఆకలికి తట్టుకోలేక గవని తెరుచుకుంది.

ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనం చెబుతున్నది. స్వయంభూ ఆలయం పడిపోయింది. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరుపెట్టి నాణేలు వేశారు. కాపయనాయకుడు తిరిగి పట్టుకోవడం, బహమనీలు రావడం, 1504లో చిత్తాపుఖానుని శాసనం, కుతుబ్‌షాహీలు - అదంతా వేరే కథ. రాతిగోడ పైన ఇవాళ కనిపించే ఇటుక, సున్నపు పిట్టగోడలు చాలావరకు ఆ తరవాతివాళ్ళవి. రాతికోటను వచ్చిన ప్రతివాడూ బాగుచేసుకున్నాడు. మట్టికోటను ఎవరూ బాగుచేసినట్లు లేదు. అయినా అది నిలిచే వుంది.

ఇప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. ఊరు పెరిగింది. మట్టికట్టను కోసి రోడ్లు వేశారు. కట్ట వాలు మీద ఇళ్ళు లేచాయి. అగడ్త కొన్నిచోట్ల పూడి పొలమైంది, కొన్నిచోట్ల ఊరి మురుగు మోస్తున్నది. ఇల్లు లేనివాడు ఎత్తయిన గట్టినేల దొరికితే గుడిసె వేసుకోక ఏం చేస్తాడు? వాణ్ణి అని లాభం లేదు. మనలాగా చదువుకున్నవాళ్ళే దాన్ని గోడ అని గుర్తుపట్టకపోతే, వాడికి ఎలా తెలుస్తుంది? కాకతీయుల కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితా కోసం మనవాళ్ళు ప్రతిపాదించినప్పుడు వేయిస్తంభాల గుడి, తోరణాలు, రామప్ప గుడి పేర్లు చెప్పారు. 2021లో రామప్పకు ఆ గౌరవం దక్కింది, సంతోషించాం. ఆ ప్రతిపాదన పేరులో కూడా మట్టిగోడ ఊసు లేదు. చెక్కడం పని లేనిదాన్ని కట్టడమని ఒప్పుకోవడానికి మనకు మనసు రాదు.

మేము కట్ట మీద ఓ పావుగంట నడిచాం. పైనుంచి చూస్తే ఆ వంపు తెలిసింది. ఇటు ఇళ్ళ కప్పుల మీదుగా, అటు చెట్ల మీదుగా, కనుచూపు మేర మెల్లగా వంగుతూ పోయింది. తోరణాల దగ్గర ఫోన్లు తీసినవాళ్ళు ఇక్కడా తీశారుగాని, బొమ్మలో ఏమీ పడలేదని నొచ్చుకున్నారు. ఒకచోట రోడ్డు కోసం కట్టను నిలువునా కోశారు. ఆ కోతలో ఎర్రమన్ను పొరలు పొరలుగా కనిపించింది, ఒక పొర ఎరుపు, ఒక పొర గరుసు. మా నిదానపు కుర్రవాడు జేబులోంచి తాళంచెవి తీసి ఆ మన్నులో గుచ్చాడు. గోరంత దిగి ఆగింది. ఇంకొంచెం బలం పెట్టాడు. తాళంచెవి వంగింది.

"అది హాస్టలు గది తాళంరా" అన్నాడు వాడి పక్కవాడు.

మేకల తాత మేకల్ని కట్ట దింపి ఇంటిదారి పట్టాడు. ఒంటిగుట్ట ఎక్కడానికి మాకిక పొద్దు చాలలేదు.